ఎస్టిమేట్ రాసే ముందు పిడికెడు గార తీయండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పాత గుళ్ళ జీర్ణోద్ధరణ కమిటీల పెద్దలకు, ఆ పనులకు ఎస్టిమేట్లు వేసే ఇంజినీర్లకు, పని చేయించే స్థపతులకు

నమస్కారం.

మీతో ఒక్క మాట చెప్పుకోవాలని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. పాత గుడి గోడ మీద ఉలి పెట్టక ముందే, ఎస్టిమేట్‌లో మొదటి అంకె వేయక ముందే, ఆ గోడలోంచి పిడికెడు పాత గార (సున్నం, ఇసుక కలిపిన మాలు) తీసి పరీక్షకు పంపండి. ఆ గోడను దేనితో కట్టారో తెలుసుకున్నాక దానికి ఏం పూయాలో రాయండి.

నేను తిరుపతిలో ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా పుట్టినూరు చంద్రగిరికి పడమరగా ఉన్న ఒక పల్లె. అక్కడి గుడి పెద్దదేమీ కాదు. రాతి గర్భగుడి, దాని మీద ఇటుకతో లేపిన విమానం, విమానం నాలుగు మూలలా గారతో చేసిన గరుత్మంతుడి బొమ్మలు. పన్నెండేళ్ళ కిందట కుంభాభిషేకానికి ముందు ఆ విమానానికి సిమెంట్ పూత వేశారు. చందాలు ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. పని చేయించినవాళ్ళు చెడు తలపెట్టలేదు. దేవుడి పని కదా, గట్టిగా ఉండాలని ఒక పాలు సిమెంట్‌కు మూడు పాళ్ళ ఇసుకతో మాలు కలిపించారు. దాని మీద ఎనామిల్ పెయింట్ కొట్టించారు. ఆ ఏడు తిరునాళ్ళలో విమానం ఎంత కళగా ఉండిందో నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

నాలుగో వానాకాలానికి ఈశాన్య మూల గరుత్మంతుడి రెక్క కింద పొక్కు లేచింది. ఇంకో రెండేళ్ళకు అరచేయంత పెచ్చు ఊడి ప్రాకారంలో పడింది. దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. సిమెంట్ పూతకు ఏమీ కాలేదు, పైన పెయింట్ కూడా నిగనిగలాడుతూనే ఉంది. దాని వెనక అర అంగుళం మందాన ఇటుక అంటుకుని వచ్చేసింది. ఆ ఇటుక మీద తెల్లగా ఉప్పు పూసి ఉంది. వేలితో రాస్తే పిండిలా రాలింది. పూత నిలబడింది, ఊడింది ఇటుక. ఎన్నో తరాలు వానకూ ఎండకూ తట్టుకున్న ఇటుక మన చేతి పని కింద పదేళ్ళు కూడా నిలవలేదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

ఎందుకిలా అయిందో కెమిస్ట్రీ చదివిన నాకు ముందే తట్టి ఉండాల్సింది. పాత ఇటుక నీళ్ళు తాగుతుంది, ఎండ కాస్తే వదిలేస్తుంది. సున్నపు గారకు సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి లోపలి చెమ్మ దాని గుండా ఆవిరై బయటికి పోతుంది. సిమెంట్ పూత, దాని మీద ఎనామిల్ పెయింట్ కలిసి ఆ దారి మూసేశాయి. అయినా ఎక్కడో ఒక సన్నటి నెర్రె లోంచి వాన నీళ్ళు లోపలికి దిగుతూనే ఉంటాయి. దిగిన నీళ్ళకు బయటికి దారి దొరకదు. సిమెంట్‌లో కరిగే ఉప్పులు కొన్ని ఉంటాయి, అవీ ఆ చెమ్మతో పాటు ఇటుకలోకి చేరతాయి. చెమ్మ ఆరినప్పుడల్లా ఉప్పు పూత వెనకే స్ఫటికాలు కట్టి ఇటుకను లోపలి నుంచి పగలదీస్తుంది.

బలం సంగతీ అంతే. ఇంజినీర్లకు ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. మన దేశ నిర్మాణ ప్రమాణాల కోడ్ ప్రకారం ఇటుకల్లో అట్టడుగు తరగతి బలం చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లు. ఊరి బట్టీలో కట్టెలతో కాల్చిన పాత ఇటుక దాని దరిదాపుల్లోనే ఉంటుంది. ఒకటికి మూడు సిమెంట్ మాలు 10 న్యూటన్లు దాటుతుంది. ఎండకు, చలికి గోడ కొంచెం కదిలినప్పుడు ఏదో ఒకటి నలగక తప్పదు. సున్నపు గార అయితే తాను నలిగి ఇటుకను కాపాడుతుంది. గార పోతే మళ్ళీ పూయొచ్చు. ఇటుక పోతే ఆ గుడే పోయినట్టు.

మన దేశంలో సిమెంట్ తయారీ మొదలైందే 1904 ప్రాంతంలో, మద్రాసులో. అంటే మన చుట్టుపక్కల అంతకు ముందున్న ఇటుక కట్టడాలు దాదాపు అన్నీ సున్నంతోనో మట్టితోనో నిలబడ్డవే. చంద్రగిరి రాజమహల్ చూడండి. మూడంతస్తుల మేడ, ఎక్కడా కట్టె వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. మా కాలేజీ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళినప్పుడల్లా గోడకు చెయ్యి ఆనించి చూడమనేదాన్ని.

మా ఊళ్ళో ఎనభై దాటిన తాపీ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. నేను మామా అంటాను. గానుగ సున్నం తోలిన చివరి మనిషి ఆయనే. పెచ్చు తీసుకెళ్ళి చూపిస్తే ఉప్పు పూసిన చోట బొటనవేలితో నలిపి, కాసేపు మాట్లాడలేదు.

"సున్నం ఎన్నాళ్ళు నానేసేవాళ్ళు మామా?" అన్నాను.

"నెలకు తక్కువైతే మా నాయన ముట్టనిచ్చేవాడు కాదు పాపా. తొట్లో మీగడ పెరుగు మాదిరి పేరుకోవాల. తాపీతో తీస్తే జారకుండా నిలబడాల. అప్పుడు గానుగలో ఏసి ఎద్దుల్ని తోలేది. ఇసక ఎంత, ఇటుకపొడి ఎంత అంటే ఆ ఊరి ఇసకను బట్టి. మా నాయన ఇసకను పిడికిట్లో పట్టి పిండి చూసి చెప్పేవాడు."

ఆ గానుగ రాతి చక్రం గుడి వెనక వేపచెట్టు కింద ఇప్పటికీ పడి ఉంది. ఆయన చెప్పింది ఎంత విలువైనదో అంత అసంపూర్ణం కూడా. ఆయన నాయన చెయ్యి చెప్పే లెక్క ఆయనతోనే పోయింది. ఎద్దులు తోలిన ఈయనకే పాళ్ళు తెలియవు, ఇక మనకేం తెలుస్తాయి? ఆ లెక్క ఇంకా ఉన్నది ఒక్క గోడలోనే. గోడను అడగడం ఎలాగో నాకు వచ్చిన విద్యే కాబట్టి అడిగి చూశాను.

కమిటీ పెద్దల అనుమతితో విమానం వెనక వైపు, సిమెంట్ తగలని చోట, రెండంగుళాల లోతు నుంచి చిన్న ఉలితో ఒక ముక్క తీశాను. పై పొరలో వానా, రంగులూ, తర్వాతి రిపేర్లూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. ఎక్కడ తీశామో ఫొటో, ఎత్తు, దిక్కు రాసుకుని సంచీ మీద చీటీ అంటించాను. కొంత భాగం విడిగా దాచాను.

యాసిడ్ పోయకముందు ముక్కను చేత్తోనే విరిచి, తెల్ల కాగితం మీద భూతద్దంతో గంటసేపు చూశాను. నూకగింజల్లాంటి తెల్లటి ఉండలు కనిపించాయి. ఇసుకతో పూర్తిగా కలవని సున్నం అది. వాటిని సూదితో విడిగా తీసి పరీక్షిస్తే ఇసుక కల్తీ లేని ఆనాటి సున్నం ఎలాంటిదో తెలుస్తుంది. ఒక నల్లటి నలుసు, బట్టీలో కాల్చిన కట్టె బొగ్గు. తగినంత దొరికితే కార్బన్ పరీక్షతో కాలం కట్టే వీలుంది. శాసనం లేని మా గుడికి అది శాసనంతో సమానం. ఎర్రటి రేణువులు ఇటుకపొడి. నువ్వుగింజలో సగమంత గుల్ల ముక్క ఒకటి. ఇది పులికాట్ వైపు నుంచి వచ్చిన గుల్ల సున్నంలో కాలకుండా మిగిలిందో, ఇసుకతో వచ్చిన ఏటి నత్తగుల్లో నా భూతద్దం చెప్పలేదు.

తర్వాత 50 గ్రాములు పొడి చేసి పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేశాను. బుస్సుమని నురగ పొంగింది. సున్నం బట్టీలో కాలినప్పుడు వదిలేసిన కార్బన్ డయాక్సైడ్‌ను గోడ మీద ఆరుతూ ఏళ్ళ తరబడి గాలి నుంచి మళ్ళీ పీల్చుకుని రాయిగా మారుతుంది. ఆ నురగ అదే. ఎన్ని వందల ఏళ్ళ కిందటి గాలో ఆ బీకరులో బుడగలై పోతుంటే రెప్ప వేయకుండా చూశాను. పొంగు ఆగాక వడగట్టి, కడిగి, ఆరబెట్టి తూస్తే 34 గ్రాములు మిగిలింది. కరిగిన 16 గ్రాములు సున్నం తాలూకుది.

ఇక్కడ ఇంజినీర్లు ఒక్క నిమిషం ఆగాలి. కరిగిన 16 గ్రాములూ గాలి పీల్చి బరువెక్కిన సున్నం. అప్పట్లో కలిపిన చల్లార్చిన సున్నంగా మారిస్తే సుమారు 12 గ్రాములు. బరువు లెక్కన ఒకటికి మూడు. కానీ పని దగ్గర ఎవరూ తూచరు, డబ్బాలతో కొలుస్తారు. పొడి సున్నం అదే డబ్బాడు ఇసుకలో ఇంచుమించు మూడో వంతే తూగుతుంది. అంటే డబ్బాల లెక్కన సున్నమూ ఇసుకా దాదాపు సమానం. "పాత గార ఒకటికి మూడు అని రిపోర్టు వచ్చింది, డబ్బా సున్నానికి మూడు డబ్బాల ఇసుక వేయండి" అని మేస్త్రీకి చెబితే సున్నం మూడో వంతుకు పడిపోతుంది. గార చేతికి రాలిపోతుంది, చివరికి చెడ్డపేరు సున్నానికి వస్తుంది.

మిగిలిన ఇసుకను జల్లెడలు పట్టి చూస్తే ముతకది, నలగనిది, పాలరంగు పలుకులు, అక్కడక్కడా లేత గులాబీ రంగు. మన కొండల గ్రానైట్ అరిగి వచ్చిన ఇసుక. స్వర్ణముఖి ఒడ్డున దోసెడు ఇసుక తెచ్చి పక్కన పోస్తే రెంటికీ తేడా కనిపించలేదు. పన్నెండేళ్ళ కిందటి సిమెంట్ పెచ్చులోని ఇసుక మాత్రం సన్నగా దుమ్ములా ఉంది. కొత్త పూతకు ఏ ఇసుక కావాలో ఆ జల్లెడలే చెబుతాయి. గార రంగు కూడా చాలావరకు ఇసుక నుంచే వస్తుంది. అతుకు వేసిన చోటు ఎబ్బెట్టుగా కనబడకుండా ఉండాలన్నా ఇసుకే చూడాలి.

ఇది చదివి ఎవరూ గుడి గోడ మీద యాసిడ్ పోయొద్దని దండం పెట్టి అడుగుతున్నాను. పరీక్ష ముక్కకే, ల్యాబ్‌లోనే.

నా పరీక్ష మొదటి మెట్టు మాత్రమే. యాసిడ్ గుల్ల ముక్కనూ కరిగించేస్తుంది, దాన్నీ సున్నం లెక్కలో కలిపేస్తుంది. ఇటుకపొడి సున్నంతో కలిసి గట్టిపడిన భాగం కూడా కొంత కరిగిపోతుంది. అందుకని ముక్కను కాగితంకన్నా పలచగా అరగదీసి మైక్రోస్కోప్ కింద చూడాలి. ఏ ఖనిజాలున్నాయో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ చెబుతుంది. ఇంకో పరీక్షలో గారను మెల్లగా వేడి చేస్తూ బరువు ఎప్పుడు ఎంత తగ్గుతుందో చూస్తారు. 200 నుంచి 600 డిగ్రీల మధ్య పోయేది గారలో బంధించి ఉన్న నీరు, ఆపైన పోయేది కార్బన్ డయాక్సైడ్. ఆ రెంటి నిష్పత్తిని బట్టి అది గాలికి మాత్రమే గట్టిపడే తెల్ల సున్నమా, ఇటుకపొడి లాంటిది కలిసి చెమ్మలోనూ గట్టిపడేదా అన్నది తేలుతుంది. గుడి కోనేటి మెట్లకూ విమానానికీ ఒకే రకం గార వాడి ఉండకపోవచ్చు. అందుకే ఒక్కచోట తీసిన ముక్కతో సరిపెట్టుకోకూడదు.

ఇవన్నీ ఎక్కడో ఢిల్లీలో జరిగేవి అనుకోవద్దు. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర విభాగం ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతి ఉంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు ఎంత దూరం, అక్కడి విఐటీలో పాత సున్నపు గారల మీద పరిశోధనలు చేశారు. మద్రాసు ఐఐటీలో పురాతన కట్టడాల భద్రత కోసమే ఒక జాతీయ కేంద్రం ఉంది. వెళ్ళి అడగాల్సింది మనం.

గారలో కలిపే కరక్కాయ, బెల్లం, కోడిగుడ్డు సొన గురించి కూడా చెప్పాలి. పాత గుడి అనగానే ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. నిజంగానే మన పెద్దలు ఇలాంటివి వాడారు. కానీ ఏ గోడలో ఏది, ఎంత అన్నది గోడ గోడకూ మారుతుంది. ఎల్లోరా గుహల పూతలో గంజాయి మొక్క నార కలిపి ఉందని 2016లో బయటపడింది. పరీక్షించకపోతే ఆ సంగతి ఎవరి ఊహకూ అందేది కాదు. మేం విన్నాం కదా అని బకెట్ల కొద్దీ బెల్లం నీళ్ళు పోస్తే సున్నం గట్టిపడటమే ఆలస్యమవుతుంది. పరీక్షలో ఏమీ కనబడకపోయినా అసలు వేయలేదని అనుకోకూడదు, కాలానికి కుళ్ళి పోయి ఉండొచ్చు. అందుకే ముందు సున్నం, ఇసుక, ఇటుకపొడి పాళ్ళు సరిగ్గా పట్టుకుందాం. కరక్కాయ సంగతి రిపోర్టు చూసి తేల్చుకుందాం.

2010 మే 26 రాత్రి శ్రీకాళహస్తి రాజగోపురం కూలినప్పుడు మీలో చాలామంది అక్కడికి వెళ్ళే ఉంటారు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం. దాని కారణాల జోలికి నేను పోను, నిపుణులు చూసుకున్నారు. 2017కల్లా కొత్త గోపురం లేచింది. రాళ్ళూ ఇటుకల గుట్ట ముందు నిలబడినప్పుడు నాకు ఒకటే అనిపించింది. నిలబడి ఉన్నన్నాళ్ళూ ఇలాంటి కట్టడాన్ని మనం దణ్ణం పెట్టుకుని చూస్తాం, నీకెలా ఉందని అడగం. మన పల్లెల్లోని చిన్న గుళ్ళకైతే ఆ మాత్రం నిపుణులు కూడా రారు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవాటికి 1958 చట్టం ఉంది, వాళ్ళ అనుమతి లేకుండా చెయ్యి పెట్టకూడదు. రాష్ట్ర శాఖ చేతిలో ఉన్నవాటికీ అంతే, ముక్క తీయాలన్నా వాళ్ళనే అడగాలి. ఏ జాబితాలోనూ లేని గుళ్ళకు కమిటీయే దిక్కు. అందుకే మీకు రాస్తున్నాను.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ముహూర్తం. మనం కుంభాభిషేకం తేదీ ముందు పెట్టుకుంటాం, పనిని దాని వెనక పరుగులు పెట్టిస్తాం. బాలాలయం (పని జరిగినన్నాళ్ళూ స్వామిని ఉంచే తాత్కాలిక గుడి) కట్టిన రోజు నుంచి అందరికీ తొందరే. సిమెంట్ తొందరకు లొంగుతుంది. సున్నం లొంగదు. నానాలి, గానుగాడాలి, పలచగా ఒక పొర వేసి అది ఆరాక రెండో పొర వేయాలి, మండుటెండలో తడి గోనెలు కప్పి చూసుకోవాలి. కాబట్టి ముక్కలు తీసే పని బాలాలయానికి ఏడాది ముందే మొదలుకావాలి. రిపోర్టు చేతికొచ్చాక పురోహితుణ్ణి పిలిచి ముహూర్తం అడగండి. స్వామి కోపగించుకోడు.

ఎస్టిమేట్‌లో "సున్నపు గార" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. బిల్డింగ్ సున్నానికి ఐఎస్ 712 అనే భారత ప్రమాణం ఉంది, అందులో ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు తరగతులున్నాయి. రిపోర్టును బట్టి ఏ తరగతో, ఏ ఇసుకో, ఎన్నాళ్ళు నానాలో, డబ్బాలతోనా బరువుతోనా రాయండి. సంచుల్లో వచ్చే సున్నం పొడి గోడౌన్లో గాలి తగిలి సగం చచ్చిపోయి వస్తుంది. చిటికెడు పొడిని పలచటి యాసిడ్‌లో వేస్తే బాగా పొంగిందంటే అది ఇక పట్టు ఇవ్వదు, వెనక్కి పంపేయండి. అసలు గోడ మీద వేసే ముందు వెనక వైపు ఒక గజం మేర వేసి ఒక వానాకాలం చూడండి. ఏం కలిపారో, ఎవరు కలిపారో, ల్యాబ్ ఏం చెప్పిందో ఒక రిజిస్టర్‌లో రాసి హుండీ లెక్కల పక్కన పెట్టండి. పన్నెండేళ్ళ తర్వాత వచ్చే కమిటీ మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మా ఊరి గుడికి వచ్చే ఏడు మళ్ళీ కుంభాభిషేకం అనుకుంటున్నారు. ఈసారి సిమెంట్ తీసేద్దామని కమిటీ ఒప్పుకుంది. అయితే దాన్ని సుత్తితో కొట్టి తీస్తే ఇటుక ఇంకాస్త పోతుంది కాబట్టి, ఎక్కడ వదులైందో అక్కడే చేత్తో తీసి, మిగిలింది తనంతట వదిలేదాకా ఆగుదామని అనుకున్నాం. మేస్త్రీ మామ తొట్టి తవ్వించాడు. వేపచెట్టు కింద చక్రాన్ని కడిగించాడు. తోలడానికి ఎద్దులు లేవు, ట్రాక్టర్ కట్టి తిప్పుతామని కుర్రాళ్ళు అంటున్నారు.

నా దగ్గర నాలుగు సీసాలున్నాయి. విమానం ఈశాన్య మూల, పడమటి గోడ, ప్రాకారం, కోనేటి మెట్లు. ఒక్కోదాంట్లో పిడికెడు గార, చీటీ, ఫొటో. నేను చేయగలిగింది చేశాను, పై పరీక్షలు నా వల్ల అయ్యేవి కావు. మీలో ఎవరైనా మీ గుడి ముక్కలు ల్యాబ్‌కు పంపుతుంటే చెప్పండి, మావీ వాటితో పాటు పంపుతాను, ఖర్చు మా కమిటీ పెట్టుకుంటుంది. ఎక్కడికి, ఏ రోజు తెచ్చివ్వాలో చెబితే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
తిరుపతి